శరదృతువున చదువదగిన గ్రంథములు



వానలు వెనుకబట్టినవి. చెరువులలో నీరు తేటపడినది. ఆశ్వయుజ కార్తిక మాసములు రెండును శరదృతువు. తిరుమలలో శ్రీవారి నవరాత్రి ఉత్సవములు, ఇంటింట బొమ్మల కొలువులు, దీపావళి, కార్తిక దీపములు, క్షీరాబ్ధి ద్వాదశి, ఇట్లు ఒకదానివెంట నొకటిగా పర్వదినములు వచ్చు కాలమిది. ఈ దినములలో ఇంట ఏ గ్రంథము చదువుకొనిన మంచిదని కొండకు వచ్చు యాత్రికులును, ఊళ్లలోని గృహస్థులును తరచు అడుగుచుందురు. ఈ ప్రశ్న విన్నప్పుడెల్ల నాకు సంతోషము కలుగును. చిన్న భయమును కలుగును. సంతోషమెందుకో చెప్పనక్కరలేదు. భయమెందుకనగా, మనము పుస్తకముల పేర్లు అడిగి తెలిసికొనుటయందు చూపు శ్రద్ధను పుస్తకము ముగించుటయందు చూపుట లేదు.

నవరాత్రులలో మూలా నక్షత్రము నాడు గ్రంథములను పీటపై నుంచి, పసుపు కుంకుమ లలంకరించి, సరస్వతీదేవిని ఆవాహన చేయుదుము. శ్రవణా నక్షత్రము నాడు ఉద్వాసన చెప్పి మరల తీసికొందుము. నడుమనున్న రెండు మూడు దినములు పుస్తకము తెరువరాదని పెద్దల మాట. మంచిదే. కాని కొన్ని యిండ్లలో ఆ విశ్రాంతి మరుసటి మూలా నక్షత్రము వరకు సాగుచున్నది. అట్టి యింటి పుస్తకమునకు పూజయే గాని పఠనము లేదు. పట్టుబట్టలో చుట్టబడి, కర్పూరపు వాసన కొట్టుచు, పుటలు ఒకదానికొకటి అంటుకొనిపోయిన భాగవతములను నేను ఒకటికంటె నెక్కువ యిండ్లలో చూచితిని.

కావున ఈ వ్యాసమున గ్రంథముల పేర్లు చెప్పెదను గాని జాబితా చెప్పను. ఈ ఋతువునకు ఒక స్వభావము కలదు. దానిని పట్టుకొన్నచో ఏది చదువవలెనో దానంతట అదియే తెలియును.

శ్రీమద్రామాయణమున ఆ స్వభావము ఎక్కడ కనిపించునో చూడుడు. వాలివధ ముగిసినది. సుగ్రీవునకు పట్టాభిషేకము చేయవలసియున్నది. తండ్రి యాజ్ఞచే పదునాలుగేండ్లు గ్రామమునగాని నగరమునగాని ప్రవేశింపరాదు గనుక శ్రీరామచంద్రుడు కిష్కింధలో అడుగుపెట్టలేదు. శ్రావణము వచ్చినది, వానకాలము ప్రయాణమునకు తగినది కాదు, కార్తికము రాగానే సీతాన్వేషణమునకును రావణవధకును ప్రయత్నింపుమని చెప్పి, తాను తమ్మునితో ప్రస్రవణగిరి గుహలో నివసించెను. అనగా స్వామి మాటకు గడువు పెట్టినది వానకాలము మొదట, ఆ గడువు తీరునది శరత్తున. మహర్షి కిష్కింధాకాండలో వర్షర్తువును ఇరువదియెనిమిదవ సర్గమునను, శరదృతువును ముప్పదవ సర్గమునను వర్ణించెను. చాలమంది వీనిని ప్రకృతి వర్ణనలని దాటివేయుదురు. అట్లు దాటివేయదగినవి కావు. ఆ కారుమబ్బులను చూచుచు నాలుగు నెలలు ఓపిక పట్టినవాడు, మబ్బు విడిపోయిన తెల్లని ఆకాశమును చూచినపుడు ఓపిక పట్టలేకపోయెను. ఎందుకనగా దారులు ఆరినవి, నదులు దాటదగినవైనవి, వచ్చెదనన్నవాడు మాత్రము రాలేదు.

ఆ రానివాడు దుర్మార్గుడా? కాదు. హనుమంతుడు ముందుగనే హెచ్చరించెను. సుగ్రీవుడు విని, సేనలను సమకూర్పుమని నీలునకు ఆజ్ఞయు ఇచ్చెను. ఆజ్ఞ ఇచ్చితిని గదా యని అంతఃపురమున ప్రవేశించెను. అక్కడ దినములు గడచినవి. మనలో ఎవరు ఇట్లు చేయలేదు? దీక్ష పుచ్చుకొందుమనుకొని మాల కొని తెచ్చుటతో ఆగినవారు, పారాయణము చేయుదుమని గ్రంథము తెప్పించి అట్ట వేయుటతో తృప్తిపడినవారు సుగ్రీవుని బంధువులే. లక్ష్మణస్వామి కోపముతో కిష్కింధ ద్వారమున నిలిచి వింటినారి మ్రోగించినప్పుడు గాని అతనికి మెలకువ రాలేదు. తార ముందుకు వచ్చి, ఎన్నో యేండ్లు కష్టపడినవానికి సుఖము దొరికినపుడు కాలము తెలియకపోవుట సహజమనియు, విశ్వామిత్రునంతటి మహర్షికే అది తప్పలేదనియు చెప్పి లక్ష్మణుని శాంతింపజేసెను. తరువాత జరిగినది మరువరానిది. తాను పరుషముగా పలికినందుకు లక్ష్మణుడే సుగ్రీవుని క్షమింపుమని వేడెను. సుగ్రీవుడు స్వామి పాదములపై వ్రాలగా స్వామి లేవనెత్తి కౌగిలించుకొనెను. ఆలస్యమునకు దండనము లేదు. వానరసేన నాలుగు దిక్కులకు బయలుదేరినది. సుందరకాండము పుట్టినది.

అందుచేత నవరాత్రులలో మొదటి గ్రంథము శ్రీమద్రామాయణము. సంపూర్ణముగా తొమ్మిది దినములలో చదువగలవారు ధన్యులు. కాని ఇరువదినాలుగు వేల శ్లోకములను తొమ్మిది దినములకు పంచినచో దినమునకు రెండు వేల ఆరువందలకు పైగా వచ్చును. ఉద్యోగమునకు పోవు గృహస్థునకు అది శక్యము కాదు. శక్యము కానిదానిని సంకల్పించి మూడవనాడు విడుచుటకంటె, సుందరకాండము అరువదియెనిమిది సర్గములను దినమునకు ఏడెనిమిది చొప్పున చదువుట మేలు. నా మాట వినువారు దానికి ముందు కిష్కింధాకాండలో పై రెండు ఋతువర్ణనలును, వాని నడుమ హనుమంతుని హెచ్చరికయు చదివి తరువాత సుందరకాండము ప్రారంభించిన బాగుండును. సంస్కృతము నోరు తిరుగనివారికి గోన బుద్ధారెడ్డి పేర వెలసిన రంగనాథ రామాయణము కలదు. ద్విపద గనుక నలుగురు కూర్చుండి పాడుకొనవచ్చును. మొల్ల రామాయణము ఇంకను సులభము, చిన్నది, పిల్లలచే చదివింపదగినది.

ఇచ్చట నా సొంత మాట ఒకటి చెప్పుకొనవలసియున్నది. ఇతరులకు చెప్పుటకు నాకేమి యోగ్యత కలదని ఎవరైన అడిగినచో యోగ్యత లేదు, అనుభవము కలదు.

మా నాయనగారు ప్రతి నవరాత్రులలోను వాల్మీకి రామాయణమును తెలుగు తాత్పర్యముతో చదివెడివారు. మా అమ్మగారికి అక్షరములు రావు. వంటయింటి గుమ్మమునకు ఆనుకొని కూర్చుండి వినెడిది. నలువది యేండ్లు అట్లు విన్నది. ఒక సంవత్సరము నాయనగారికి గొంతు పట్టి, జ్వరము తగిలి, కిష్కింధాకాండలో చదువు ఆగిపోయినది. నన్ను వచ్చి పూర్తి చేయుమని ప్రక్కింటివారిచే ఉత్తరము వ్రాయించిరి. నేను ఉద్యోగపుటూరి నుండి, ఇప్పుడు సెలవు దొరకలేదు, దీపావళికి వచ్చి తప్పక చదివెదనని పోస్టుకార్డు వ్రాసితిని. దీపావళికి వచ్చితిని. రెండు దినములుంటిని. బంధువులు, పిండివంటలు, పిల్లల టపాకాయలు. గ్రంథము మాట నేను ఎత్తలేదు, వారును ఎత్తలేదు. మాఘమాసమున నాయనగారు పరమపదించిరి.

ఆ మొదటి సంవత్సరము ఇంట పండుగ లేదు గనుక చదువలేదని నాకు నేను చెప్పుకొంటిని. తరువాత చెప్పుకొనుటకు కారణము కూడ అక్కరలేకపోయినది. మా అమ్మ మాత్రము ఏటేట మూలా నక్షత్రము నాడు ఆ గ్రంథమును పీటపై పెట్టును, శ్రవణము నాడు తీయును. నన్ను చదువుమని ఒక్కనాడైన అడుగలేదు. ఏడవ సంవత్సరమున, గ్రంథమును పీటమీది నుండి తీసి నా చేతికిచ్చుచు, "నాయనా, సుగ్రీవుడు బయలుదేరాడా?" అన్నది.

కథ ఆమెకు తెలియక కాదు. నాకంటె బాగుగ తెలియును. నేను సమాధానము చెప్పలేక గ్రంథము తెరచితిని. నాయనగారు చదువు ఆపినచోట నా పోస్టుకార్డు ఉన్నది. లక్ష్మణస్వామి కిష్కింధకు బయలుదేరు ఘట్టమది. ఆ సాయంకాలమే కూర్చుంటిని. శ్లోకము సగములో తడబడితిని, పదము ఎక్కడ విరువవలెనో తెలియలేదు. తాత్పర్యము చదువుచుండగా నేను రెండు పంక్తులు విడిచినచో, "అక్కడ ఇంకొక మాటుంది, చూడు" అని గుమ్మము దగ్గరనుండి అమ్మ అనెడిది. చూచినచో ఉండెడిది. నవరాత్రులు దాటిపోయినవి, దీపావళి దాటినది. కార్తిక పౌర్ణమికి పట్టాభిషేకము చేరితిమి. ఆ కార్డును మాత్రము తీసివేయనీయలేదు.

పారాయణము నడుమ విడిచిన దోషమని భయపడి, ఆ భయముతోనే పుస్తకము ముట్టనివారు మనలో చాలమంది కలరు. వారి కొరకే ఇంత చెప్పితిని. మొదటినుండి మరల మొదలు పెట్టుటకు మంచి ముహూర్తము చూచుకొనుచు ఏండ్లు గడుపవలదు. ఆగినచోటనే తెరువుడు. సుగ్రీవుని కౌగిలించుకొన్న స్వామి మన ఆలస్యమును లెక్కకట్టి వడ్డీ వేయడు.

మన తెలుగు కవిత్వమునకును ఈ శరత్తుతో ఒక చిత్రమైన సంబంధము కలదు. పదునొకండవ శతాబ్దమున రాజరాజనరేంద్రుని కోరికపై రాజమహేంద్రవరమున మహాభారతమును తెనిగింప బూనిన నన్నయభట్టారకుడు అరణ్యపర్వము నాలుగవ ఆశ్వాసమున శరత్కాలపు రాత్రులను వర్ణించుచు ఆగిపోయెను. ఆ వెన్నెల పద్యమే ఆయన చివరి పద్యమని పెద్దలు చెప్పుదురు. రెండు వందల యేండ్ల తరువాత తిక్కన సోమయాజి మిగిలిన పదునైదు పర్వములను విరాటపర్వము మొదలు వ్రాసెనే గాని ఆ సగములో నిలిచిన అరణ్యపర్వమును ముట్టలేదు. మరియొక తరము గడచిన పిమ్మట ఎఱ్ఱాప్రగడ వచ్చి దానిని పూర్తి చేసెను. అహోబిల నరసింహస్వామి కథను నృసింహపురాణముగ రచించిన భక్తుడీయన. నన్నయ శరద్రాత్రితో ఆపగా ఎఱ్ఱన శరత్కాలపు ఉదయముతో మొదలుపెట్టెను. అంతేకాదు, ఆ శేషమును నన్నయ రచనయే అయినట్లు రాజరాజునకే అంకితముగ నడిపెను. ఇతరుని అసంపూర్తిని పూర్తిచేయుటలో ఇంతటి వినయము చూపినవాడు అరుదు. అరణ్యపర్వమున ఈ సంధిస్థలమును ఒక్కసారి తెరచి, ముందు నాలుగు పద్యములు వెనుక నాలుగు పద్యములు ఇంటిల్లిపాదికి చదివి వినిపింపుడు. అర్ధగంట చాలును.

పోతన భాగవతమునకును ఇదే గతి. గంగన పంచమస్కంధమును, సింగన షష్ఠస్కంధమును, నారయ ఏకాదశ ద్వాదశస్కంధములను వ్రాసిరి. మన చేతికి పండ్రెండు స్కంధములును నిండుగ వచ్చినవన్నచో ఆ ముగ్గురి పుణ్యమును అందు కలదు.

ఇక కార్తికమునకు భాగవతమే ముఖ్యము. ఇది దామోదర మాసము. దశమస్కంధమున బృందావనపు శరద్వర్ణనమును, వేణుగానమును, రాసలీలయు ఈ ఋతువునందే కలవు. రాసలీలను గూర్చి ఒక మాట: దానిని గురుముఖమున విని చదువుట మంచిది. తొందరపడి పైపైన చదివి తప్పుదారి పట్టినవారిని చూచితిమి. క్రొత్తగా మొదలుపెట్టువారికి నేను నవమస్కంధమునందలి అంబరీషోపాఖ్యానమును చెప్పుదును. సంవత్సరకాలము ద్వాదశీవ్రతము చేసిన ఆ రాజు కార్తికమున వ్రతాంతమున మూడు రాత్రులుపవసించి, యమునలో స్నానము చేసి, మధువనమున శ్రీహరిని అర్చించెను. పారణకు సిద్ధమగు సమయమున దుర్వాసుడు అతిథియై వచ్చెను. భోజనమునకు అంగీకరించి స్నానమునకు పోయినవాడు ఎంతకును రాలేదు. ద్వాదశి అర్ధముహూర్తమే మిగిలినది. పారణ చేయకున్న వ్రతభంగము, అతిథికి ముందు భుజించిన అపచారము. విద్వాంసులను విచారించి రాజు జలమును మాత్రము పుచ్చుకొనెను. తరువాత దుర్వాసుని కోపము, కృత్య, సుదర్శనము వెంటబడుట, ముని లోకములన్నియు తిరుగుట మనమెరిగినదే.

మనవారు సాధారణముగ సుదర్శనము దగ్గరనే కథ ఆపి చేతులు జోడింతురు. అసలు రుచి అటుపైన కలదు. ముని ఎక్కడెక్కడనో తిరిగి వచ్చుటకు ఒక సంవత్సరము పట్టినది. ఆ సంవత్సరమంతయు అంబరీషుడు నీరు మాత్రము త్రాగి నిలిచియుండెను. భోజనమునకు రమ్మని పిలిచిన అతిథి భుజింపలేదు గనుక తానును భుజింపలేదు. తనను చంప జూచినవానికిచ్చిన మాట అది! ముని తిరిగివచ్చి పాదములపై పడగా, సిగ్గుపడి, చక్రమును స్తుతించి శాంతింపజేసి, ఆయనకు భోజనము పెట్టి, పిదప తాను తినెను. ఈ ఘట్టమును కార్తికమున ఏకాదశి రాత్రి చదివినచో మరునాటి పారణకు వేరు రుచి కలుగును.

దీపావళి మరునాటినుండి కార్తికపురాణమును ముప్పది అధ్యాయములు దినమునకొకటిగ చదువు అలవాటు మన యిండ్లలో ఇంకను కొంత మిగిలియున్నది. అంబరీషుని కథ అందును కలదు. ఈ పురాణమునకు ఒక గొప్ప గుణము కలదు. అధ్యాయము చిన్నది, దీపము కొండెక్కులోపల ముగియును. ఫలశ్రుతులు ఎక్కువని విసుగుకొనువారు విసుగుకొనవచ్చును. నేను మాత్రము నెలనాళ్లు తప్పకుండ కూర్చుండుట నేర్పు గ్రంథమును తక్కువ చేయను. పిల్లలకు దీని బదులు అన్నమాచార్యుల సంకీర్తనము దినమునకొకటి నేర్పినను సరియే. 1424లో పదునారేండ్ల ప్రాయమున మొదలుపెట్టి 1503 వరకు ఆ మహానుభావుడు స్వామికి పాట సమర్పించుచునేయుండెను. దినమునకొకటికి తక్కువ కాకుండ పాడెనని ప్రసిద్ధి.

శ్రీవైష్ణవ గృహములకు ఈ కాలము ఆళ్వారాచార్యుల తిరునక్షత్రముల కాలము. కన్యామాస శ్రవణము వేదాంతదేశికులది. శ్రీనివాసుని దయను స్తుతించిన వారి దయాశతకమును ఆ దినమున చదువవలెను. తులామాసమున శ్రవణ ధనిష్ఠా శతభిషములు వరుసగ పొయ్‌గై, పూదత్తు, పేయాళ్వారులవి. వానరాత్రి తిరుక్కోవలూరులో ఒకరు పరుండుటకు, ఇద్దరు కూర్చుండుటకు, ముగ్గురు నిలుచుటకు మాత్రము చాలు ఇరుకు నడవలో ముగ్గురు కలిసికొనగా, నాలుగవవాడు ఎవరో త్రోయుచున్నట్లు తోచెనట. ఒకరు బాహ్యదీపమును, ఒకరు ఆంతరదీపమును పాశురములతో వెలిగింపగా మూడవవారు ఆ నాలుగవవానిని దర్శించిరి. వారి మూడు తిరువందాదులు ఒక్కొక్కటి నూరేసి పాశురములు. తెలుగు లిపిలో తాత్పర్యముతో దొరకును. తులామూల మణవాళమహామునులది.

చివరకు, ఈ ఋతువునకే పుట్టిన గ్రంథము మరియొకటి కలదు. చాలమంది తెలుగువారు దాని పేరైన వినలేదని నాకు బెంగ. అది వరాహపురాణాంతర్గతమైన కైశికమాహాత్మ్యము. వరాహమూర్తి భూదేవికి స్వయముగ చెప్పినది. పరాశరభట్టరు దీనికి వ్యాఖ్యానము రచించిరి. కార్తిక శుద్ధ ద్వాదశి, అనగా మనము తులసికోట దగ్గర దీపములు పెట్టు క్షీరాబ్ధి ద్వాదశియే, కైశికద్వాదశి. తిరుమలలో ఏడాదికొక్కమారు ఆ దినముననే ఉగ్రశ్రీనివాసమూర్తి సూర్యోదయమునకు ముందు వెలుపలికి వేంచేసి, సూర్యకిరణములు సోకక మునుపే లోనికి చేరుదురు. శ్రీవారి సన్నిధిని కైశికపురాణమును విన్నపము చేయుదురు.

కథ పాండ్యదేశమున తిరుక్కురుంగుడిలో జరిగినది. ఆలయమునకు వెలుపల నిలిచి పాడుటకే అనుమతి గల కులమున పుట్టిన భక్తుడొకడు ప్రతి ఏకాదశి రాత్రి జాగరణ చేసి స్వామికి పాడెడివాడు. సంప్రదాయము ఆయనను నంపాడువాన్ అని, అనగా మన గాయకుడని, ముద్దుగ పిలుచుకొన్నది. కార్తిక శుద్ధ ఏకాదశి రాత్రి పోవుచుండగా బ్రహ్మరాక్షసుడు పట్టుకొన్నాడు. పాడివచ్చి నీకు ఆహారమయ్యెదనని ఆయన వేడుకొనెను. చావు తప్పించుకొన్నవాడు తిరిగి వచ్చునా యని రాక్షసుడు నవ్వెను. ఆయన పదునెనిమిది శపథములు చేసెను. చివరి శపథము, శ్రీమన్నారాయణుని ఇతరులతో సమానునిగ తలచినవాని పాపము నాకు కలుగుగాక యని. దానికి రాక్షసుడు పట్టు విడిచెను.

రాత్రియంతయు ఇదియే తుదిసారి యని తెలిసి పాడెను. తెల్లవారగనే, వచ్చినప్పటికంటె వేగముగ అడవివైపు నడచెను. దారిలో ఒక పురుషుడు అడ్డుపడి, ప్రాణాపాయమున మాట తప్పిన దోషము లేదు, వేరు త్రోవను పొమ్మని హితవు చెప్పెను. వినలేదు. ఆ పురుషుడు స్వామియే యని పెద్దలు చెప్పుదురు. రాక్షసుని ముందు నిలిచి, ఇదిగో శరీరము, భుజింపుమనెను. ఇప్పుడు రాక్షసునకు శరీరముపై ఆశ పోయినది. రాత్రి పాడిన పాట ఫలమునిమ్మని అడిగెను. నీకు శరీరమిచ్చెదనంటినే గాని పాట నిచ్చెదనంటినా యని భక్తుడు ఒప్పుకొనలేదు. సగమిమ్మని, పావు ఇమ్మని, చివరకు కాళ్లపై పడి ఒక్క పాట ఫలమైన ఇమ్మని ఏడ్చినపుడు, తుదిని కైశికరాగమున పాడిన ఒక్క పాట ఫలమును ధారపోసెను. రాక్షసరూపము పోయినది.

శ్రీకృష్ణదేవరాయలు ఈ కథనే ఆముక్తమాల్యద ఆరవ ఆశ్వాసమున మాలదాసరి కథగ పెంచి చెప్పెను. రాక్షసునకు అక్కడ కుంభజానుడని పేరు. ఆముక్తమాల్యద కష్టమైన గ్రంథము, నిజము. వేదము వేంకటరాయశాస్త్రిగారి వ్యాఖ్యానము దగ్గర పెట్టుకొన్నను ఒక్కొక్క పద్యమునకు పూటయంతయు పట్టును. ఆసాంతము చదువుమని గృహస్థులకు చెప్పుట న్యాయము కాదు. కాని ఈ ఒక్క కథకై ఆరవ ఆశ్వాసమును తెరువుడు. నాలుగవ ఆశ్వాసమున వర్షశరదృతువుల వర్ణనలు కలవు, ఓపికయున్నవారు వానిని చూడవచ్చును. తిరుక్కురుంగుడిలో ఈ కథను ఏకాదశి రాత్రి నాటకముగ ఆడు సంప్రదాయము క్షీణించిపోగా 1999లో పునరుద్ధరించిరి. చూచి రాగలిగినవారు అదృష్టవంతులు.

ఇంట చేయవలసినది సులభమే. ఏకాదశి రాత్రి తులసికోట దగ్గర దీపము పెట్టి, ఇంటివారందరు కూర్చుండి, ఒకరు కైశికమాహాత్మ్యమును తెలుగు తాత్పర్యముతో బిగ్గరగ చదువవలెను. నిద్ర వచ్చినవారు నిద్రపోవచ్చును. తెల్లవారుజామున మిగిలినది చదివి, మంగళము పాడి, పారణ చేయవలెను. చదువు రాని పెద్దలు ఇంట నున్నచో వారిని ముందు వరుసలో కూర్చుండబెట్టుడు. మీరు విడిచిన పంక్తిని వారు పట్టుకొందురు.

ఆ పైన ధనుర్మాసమునకు ఇంచుమించు నెల దినములు మిగిలియుండును. తిరుప్పావై మాట అప్పుడు చెప్పుకొందము.